ఇంకొక్క ఏడాది ఉండమని అడగమన్నారు

అధ్యక్ష స్థానంలో కూర్చుని నేనింకా నోరు తెరవకముందే గడియారం చూపిస్తున్న తిరుమలరావు మామయ్యగారికి, తెల్లారగట్ల బస్సెక్కి రంగత్ నుంచి ఈ సభ కోసమే వచ్చిన ముఖ్య అతిథి వాసుదేవ్ పాస్టరుగారికి, సంఘ పెద్దలకి, అక్కలకి, అన్నలకి, కుర్చీలు ఖాళీగా ఉన్నా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళకి, మనం ఈరోజు శాలువా కప్పిన మన పాస్టరు గురునాథం అయ్యగారికి, ఆయన పక్కన కూర్చోనని చెప్పి మూడో వరసలో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న శాంతకుమారి అమ్మగారికి ప్రభువు పేరట వందనాలు.

వాసుదేవ్ గారికి నేనెవరో తెలియదు కాబట్టి చెబుతున్నాను. నా పేరు రాజకుమారి. మా తాతగారు భీమిలి నుంచి వచ్చారు, నేను పుట్టింది ఈ షాదీపూర్‌లోనే, ఉద్యోగం కరెంటాఫీసులో. పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కడ కరెంటు పోయినా ముందు నాకే ఫోన్ చేస్తారు. ఊరి పేరు మారింది గానీ మన నోళ్ళు ఇంకా మారలేదు, అధ్యక్షులవారు క్షమించాలి.

ముందే ఒక గుట్టు విప్పేస్తాను. ఏదో నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపొమ్మని కమిటీవాళ్ళు నన్ను ఈ మైకు దగ్గరికి పంపలేదు. నాకొక పని అప్పగించారు. చివర్లో, అందరూ చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నప్పుడు, "అయ్యగారూ, ఇంకొక్క ఏడాది ఉండండి" అని సభాముఖంగా అడగాలి. ఎవరికీ తెలియకుండా ఉంచమన్నారు. షాదీపూర్‌లో గుట్టు దాగడం ఎప్పుడైనా చూశారా? మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మగారే నన్నడిగారు, "ఏమ్మా రాజీ, నువ్వేనట కదా అడిగేది" అని. (నవ్వులు)

మామయ్యగారూ, అలా గొంతు సవరించుకోకండి. అక్కడికే వస్తున్నాను.

సభలోనే ఎందుకు అడగమన్నారో కూడా చెప్పాలి. అయ్యగారిని విడిగా అడిగితే కాదనగలరు. సంఘమంతా ఎదురుగా కూర్చుని, శాలువా భుజాల మీద పడ్డాక అడిగితే కాదనడం ఆయన వల్ల కాదు. ఇది మనకి బాగా తెలుసు కాబట్టే నిరుడూ ఇలాగే శాలువా కప్పి అడిగాం, అంతకుముందు ఏడూ ఇలాగే కప్పి అడిగాం. ఆ రెండు శాలువాలూ ఇప్పుడు ఎక్కడున్నాయంటే, అమ్మగారి అట్టపెట్టెల్లో గాజు గ్లాసులు పగలకుండా చుట్టుకుని ఉన్నాయి. సామానంతా ఈస్టరప్పుడే కట్టేశారావిడ. ఒక కుక్కరు, ఒక మూకుడు, అంతే బయట ఉన్నవి. చారు పెట్టుకున్న రోజున కూర ఉండదు ఆ ఇంట్లో.

వాళ్ళు వెళ్ళాలనుకుంటున్నది మెయిన్‌లాండ్‌కి కాదు, ఈ దీవుల్లోనే ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్‌కి. అమ్మగారి తమ్ముడు అక్కడ కాస్త జాగా ఇచ్చారు. ఆవిడకి ఆనపపాదు పెట్టుకోవాలని ఉంది. అయ్యగారికేమో, అక్కడ కొద్దిమంది తెలుగువాళ్ళు ఆదివారాలు ఒకరి అరుగు మీద చేరుతున్నారు, వాక్యం చెప్పడం ఎలాగో నేర్పేవాళ్ళు లేరు, ఆ అరుగు మీద వెళ్ళి కూర్చోవాలని ఉంది. ఇటు మన భయం మనది. కొత్త పాస్టరుగారు వచ్చేసరికి ఏడాది పడుతుందని మెయిన్‌లాండ్ నుంచి కబురు. బాప్తిస్మాలకీ ప్రభురాత్రి భోజనానికీ నెలకోసారి వస్తానని వాసుదేవ్ గారు మాట ఇచ్చారు. మిగతా ఆదివారాలు, ఇళ్ళల్లో కూటాలు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళడం, సండే స్కూలు, ఎవరైనా కన్నుమూస్తే ముందు నిలబడడం, ఇవన్నీ మన నెత్తి మీద పడతాయి. గొర్రెలు కాపరి లేకుండా ఏడాది ఎలా ఉంటాయని తిరుమలరావు మామయ్యగారు కమిటీలో కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, అది నటన కాదు, నేను చూశాను.

వాసుదేవ్ గారూ, మా అయ్యగారి పద్ధతి మీకు తెలియదు. ఈ సంఘంలో ఎవరు దేన్ని తప్పుపడితే ఆ పని వాళ్ళదే. పాటలు సాగదీస్తున్నారని మామయ్యగారు ఒకసారి ఫిర్యాదు చేశారు. మరుసటి ఆదివారానికి ఆయనే క్వయర్ లీడరు. ఆయన గొంతు సంగతి ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ గొంతు వినపడకూడదని మిగతావాళ్ళంతా ఎంత గట్టిగా పాడటం మొదలుపెట్టారంటే, మన క్వయర్ పాట ఇప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంది. (నవ్వులు) మైకు కీచుమంటోందని విసుక్కున్న చక్రి ఆరోజు నుంచీ మైకు చూసుకుంటున్నాడు. భయ్యా, కొంచెం సౌండు తగ్గించు, నా ఊపిరి కూడా వినపడుతోంది.

ఇక యర్రమ్మ పెద్దమ్మ. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే పెద్దమ్మ తెలియనివాళ్ళెవరున్నారు? "ఏటి బావూ, దేవుడితో రెండు ముక్కలు మాటాడేసి కూకుండిపోతారు, మొక్కుబడికి మొక్కినట్టు" అని అందావిడ. సరే, వచ్చేవారం ప్రార్థన నీదే అన్నారు అయ్యగారు. ఆ ప్రార్థన ఈ జన్మలో మరిచిపోలేం. కళ్ళు మూసుకుని ఒక్కొక్క ఇంటినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పింది. ఫలానా ఇంట్లో అత్తా కోడళ్ళకి పొసగడం లేదు ప్రభువా, ఫలానా అబ్బాయి ఎవరితోనో హేవ్‌లాక్ దీవి బోటు ఎక్కాడు ప్రభువా, చూసుకో ప్రభువా. ఆమెన్ అనేసరికి సగం సంఘం కళ్ళు తెరిచి మిగతా సగం వైపు చూస్తోంది. ఇంకో పాస్టరైతే ఆవిడని మళ్ళీ మైకు దగ్గరికి రానివ్వరు. మన అయ్యగారు చేపల బజారుకి వెళ్ళి, ఆవిడ పక్కన పీట వేసుకుని కూర్చుని, "పెద్దమ్మా, పేర్లు నీ మనసులో చెప్పు, బాధ మాత్రం పైకి చెప్పు, ఆయనకి అర్థమవుతుంది" అని చెప్పి, తర్వాతి నెల మళ్ళీ ఆవిడకే ఇచ్చారు. ఇప్పుడు ఆసుపత్రిలో ఎవరున్నా ముందు పెద్దమ్మనే పిలవమంటారు.

నా వంతు కూడా చెప్పాలి కదా. అయ్యగారూ, మీ ప్రసంగాలు పిల్లల తలల మీదుగా పోతున్నాయి, వాళ్ళకి తెలుగు అక్షరాలే రావు అన్నాను. సండే స్కూలు ఇచ్చారు. అక్షరాలు వచ్చేదాకా ఆగుదామని పెద్దలంటే, ఆగక్కర్లేదన్నారు అయ్యగారు. అందుకే మన చక్రి ఇప్పటికీ తెలుగు వాక్యాన్ని హిందీ అక్షరాల్లో రాసుకుని చదువుతాడు, ఎక్కడా తడబడడు. అంతటితో వదిలారా? కొన్నాళ్ళకి పిలిచి, పిల్లలకి చెబుతున్నావు కదా, పెద్దలకి కూడా ఒక ఆదివారం చెప్పు అన్నారు. నేను వద్దన్నాను. ఆడవాళ్ళు చెప్పడమేమిటని కమిటీ కూడా వద్దంది. ఆయన ఎవరితోనూ వాదించలేదు. ప్రతి శనివారం ఆఫీసు నుంచి ఇటే రమ్మని, ఖాళీ బెంచీలకి నాచేత వాక్యం చెప్పించేవారు. చివరి బెంచీలో అమ్మగారు చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ ఉండేవారు. నేను చెప్పేది మనసుకి తగిలితే ఆవిడ చెయ్యి ఆగేది. లేకపోతే రాళ్ళు ఏరుతూనే ఉండేవారు. ఆ మొదటి రెండు నెలలూ వండినంత శుభ్రమైన బియ్యం ఆ ఇంట్లో ఇంకెప్పుడూ వండి ఉండరు. (నవ్వులు) చెయ్యి ఆగిన శనివారం అయ్యగారు ఒక్క మాట అన్నారు, "రేపు నువ్వే" అని. మర్నాడు నేను మధ్యలో మరిచిపోయి సాయం కోసం ఆయన వైపు చూస్తే, ఆయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. గట్టెక్కాను లెండి.

ఇప్పుడు చెప్పేది నవ్వే సంగతి కాదు.

మా నాన్న ఫెర్రీ బోట్లలో తాళ్ళు పట్టే లాస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పోయింది నడి వానాకాలంలో. అయ్యగారు కూటాల కోసం రంగత్ వెళ్ళి ఉన్నారు. దారిలో చెట్లు పడి బస్సులు ఆగిపోయాయి, మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ ఆపేశారు, ఫోన్లు లేవు. మర్నాటి దాకా చూశాం, ఇక ఆగడానికి లేదు. సమాధి దగ్గర ఎవరు నిలబడతారని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే తిరుమలరావు మామయ్యగారు ముందుకి వచ్చారు. నేను గొడుగు పట్టాను, అయినా ప్రార్థన పుస్తకం తడిసింది. మన్నుకి మన్ను అనేచోట ఆయన చదవలేకపోతే యర్రమ్మ పెద్దమ్మ పాట అందుకుంది, పాట అయ్యేలోపు ఆయన తేరుకుని మిగతాది చదివారు. నిజం చెబుతున్నాను, ఆరోజు నాకు ఏడుపుతోపాటు అవమానంగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళు సంఘంలో ఉన్న మా నాన్నకి పాస్టరు లేకుండా మట్టి ఇచ్చామని.

దారి తెరవగానే అయ్యగారు బస్సు దిగి, బురద కాళ్ళతోనే మా ఇంటికి వచ్చారు. సమాధి దగ్గరికి వచ్చి ఒక్క ప్రార్థన చేయండి అయ్యగారూ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ప్రార్థన ఎవరు చేశారని అడిగారు. మామయ్యగారని చెప్పాను. "అయితే మీ నాన్నకి జరగవలసింది జరిగిందమ్మా. నేను మళ్ళీ చేస్తే తిరుమలరావు చేసింది చెల్లదని ఊరందరికీ చెప్పినట్టు. నేను నీతో కూర్చోవడానికి వచ్చాను" అన్నారు. చీకటి పడేదాకా మా అమ్మ పక్కన కూర్చుని వెళ్ళారు. నాకు చాలా రోజులు ఆయన మీద కోపం. దారిలో కనపడితే వందనాలు కూడా ముక్తసరిగా చెప్పేదాన్ని. ఆ కోపం ఎలా పోయిందంటే, ఆ తర్వాత మన వీధిలో ఎవరింట్లో చావు జరిగినా, అయ్యగారు ఊళ్ళో ఉన్నారా లేదా అని ఎవరూ అడగలేదు. మామయ్యగారిని పిలవండి అన్నారు. ఆరోజు నా మాట విని ఆయన సమాధి దగ్గరికి వచ్చి ఉంటే ఎవరైనా అలా పిలిచేవారా?

అధ్యక్షా, మీరు అప్పగించిన పని నేను చేయలేను. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు అడుగుదామనే వచ్చాను. అడగాల్సిన మాట అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకున్నాను కూడా. కానీ మా నాన్నని అంత వానలో సాగనంపిన మీరే, ఈ మనిషి లేకపోతే ఏడాది గడవదంటుంటే నేనెలా నమ్మేది మామయ్యా? మనల్ని మనం చేతకానివాళ్ళమని చెప్పుకుంటే ఆయన ఇన్నేళ్ళు చేసిన పనంతా ఉత్తదని శాలువా కప్పి మరీ చెప్పినట్టు కదా.

(సభలో కలకలం. "ఎల్లనివ్వండి బావూ, ఆ తల్లి ఎన్నాళ్ళని మూటలు కట్టుకుని కూకుంటాది" అని వెనక నుంచి యర్రమ్మ. అధ్యక్షులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.)

విన్నారుగా. పెద్దమ్మ మాటే నా మాట. వచ్చే ఆదివారం వాక్యం నేను చెబుతాను. ఆ పైవారం ఎవరో సాయంత్రం టీ దగ్గర తేల్చుకుందాం, ఎవరూ గేటు దాటి పోకండి, చక్రీ, కాస్త గేటు దగ్గర నిలబడు. మామయ్యగారూ, మీరు నా మీద కోప్పడినా ఫర్వాలేదు, పాటలు మాత్రం మీరే మొదలుపెట్టాలి. మేము తప్పులు చేస్తాం. చేసినప్పుడల్లా మనలో ఎవరో ఒకరు డిగ్లీపూర్‌కి ఫోన్ చేస్తారు, అది నాకు తెలుసు. అయ్యగారూ, ఆ ఫోన్ ఎత్తినా సలహా మాత్రం చెప్పకండి. ఆనపకాయలు ఎలా కాస్తున్నాయో చెప్పండి.

మీరు వెళుతుంటే నాకు సంతోషంగా లేదు. వచ్చే శనివారం ఆ చివరి బెంచీ చూస్తే నాకు ఏడుపొస్తుంది, అది దాచుకోను. ఇంతమంది ముందు నిలబడి, కమిటీ మాట కాదని, మిమ్మల్ని వెళ్ళిరండి అనే ధైర్యం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మీరిద్దరూ కూర్చోబెట్టి నేర్పిందే.

కోపం తెచ్చుకోకుండా విన్న అధ్యక్షులకి, ఓపికగా విన్న ముఖ్య అతిథికి, వంటవాళ్ళకి, కుర్చీలు మోసిన కుర్రాళ్ళకి, మీ అందరికీ నా కృతజ్ఞతలు. అయ్యగారూ, అమ్మగారూ, రెండేళ్ళుగా మీరు అడిగినా మేము ఇవ్వనిది ఈరోజు సంఘం తరఫున నేను ఇస్తున్నాను.

సెలవు.