కనబడిన డిస్కు

షిన్‌చూ ఊళ్లో ఒక పళ్ల ఆసుపత్రి, మధ్యాహ్న భోజనాల వేళ. కొత్త కంప్యూటరు ముందు మెకానిక్ చ్వాంగ్, పక్కన నర్సు పేయ్-లాన్.

"కంప్యూటరు మీద ఈ చిరుతిళ్ల పొట్లం ఎవరు పెట్టారు?"

"నేనే, చ్వాంగ్ గారూ. ఆకుపచ్చ పొట్లం పెడితే మిషను మొరాయించదని..."

"మొరాయించదని. చదువుకున్నదానివి."

"కంప్యూటరు చిప్పుల ఫ్యాక్టరీల్లో కూడా పెడతారండి."

"పెడతారు. అందుకే నాకు చేతినిండా పని. ఇటు తే. ఊఁ, కరకరలాడుతోంది."

"అయ్యో, తినేస్తున్నారా?"

"తినేవాటిని తినాలి అమ్మాయ్, మొక్కకూడదు. ఇంతకీ నీ గొడవేమిటి?"

"పాత డిస్కు గురించండి. పేషెంట్ల ఎక్స్‌రేలన్నీ అందులోనే ఉన్నాయి. రెండు గంటలకి ఒకామెకి దవడ కొయ్యాలి. ఎక్స్‌రే చూడందే డాక్టరుగారు కత్తి పట్టరు."

"చూస్తాడులే. బిగించాగా."

"రెండు డిస్కులు బిగించారు. పొద్దున సిస్టం ఎక్కించే ఇన్‌స్టాలర్‌లో ఒక్కటే కనబడింది. మీరు దాన్ని..."

"తుడిచా. కనబడింది కొత్తదే కదా. ఇంకొకడైతే పైపైన చెరిపి పోయేవాడు. నేను మొదట్నుంచి చివరిదాకా సున్నాలు రాయించా. అక్షరం మిగలదు."

"సైజు చూశారా?"

"ఒక్కటే కనబడితే చూడ్డానికేముంది?"

"మరి రెండోది ఎందుకు కనబడలేదండి?"

"నీకు చెప్పినా ఎక్కదు. సరే విను. లోకంలో ఉన్న డిస్కులన్నీ ఇన్‌స్టాలర్‌కి తెలియవు. కొన్నిటికి ఆ కంపెనీవాళ్ల డ్రైవర్ అనే ప్రోగ్రాము పెన్‌డ్రైవ్‌లోంచి మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే ఉన్నా లేనట్టే. మీ పాత డొక్కుది అలాంటిదే."

"పాతవి తెలియవా? కొత్తవి తెలియవా?"

"ఇదిగో, నువ్వు పళ్లు చూసుకో, నేను ఇది చూసుకుంటా. డ్రైవర్ ఇచ్చా. వచ్చింది చూడు. కళ్లు చల్లబడ్డాయా?"

"రెండు టెరాబైట్లని చూపిస్తోందండి."

"అయితే?"

"పాతది ఒక్క టెరాబైటేనండి. రెండు టెరాబైట్లది నిన్న నేనే కొనుక్కొచ్చాను."

"లోపల... ఖాళీగా ఉందేమిటి?"

"కొత్తది కదండీ, ఖాళీగానే ఉంటుంది. మరి పొద్దున కనబడిందేది?"

"ఉండు, వైర్లు చూడనీ."

"చ్వాంగ్ గారూ?"

"ఎక్స్‌రేలకి వేరే కాపీ ఉందా?"

"తియ్యమంటారా అని పొద్దున్నే అడిగాను. దండగన్నారు."

"అది కాదమ్మా... ఆ ఆకుపచ్చ పొట్లం, ఇంకోటుందా?"

"ఉన్న ఒక్కటీ మీరే తిన్నారు."