కుక్కర్ కేకు

“పోయినేడాది మార్చి పన్నెండున, నీ మరదలి చివరి పుట్టినరోజుకి నేను చేసిన కేకు తిన్నాం, గుర్తుందా అక్కా?”

“కుక్కర్లో నీళ్లు పోసి, విజిల్ పెట్టి ఉడకబెట్టావుగా! ఇడ్లీలా వచ్చింది.”

“అయినా తను రెండు ముక్కలు తింది.”

జగ్గయ్యపేటలోని తమ్ముడింట్లో, టీవీలో కేకుల పోటీ వస్తోంది.

“తను పోయాక రోజూ ఇదే చూస్తావా? అరవై దాటినవాడివి. నందిగామలో చుట్టాలంతా నవ్వుతున్నార్రా. కట్టెయ్.”

“కట్టను. అటు చూడు, ఆవిడ కేకు కుంగిపోతే పక్కవాడు తన పని ఆపి సాయమొచ్చాడు. ఓడినవాళ్లని కావలించుకునే పోటీ ఇంకెక్కడుందో చూపించు. రేపు తన పుట్టినరోజు. అందుకే ఇవాళే మళ్లీ చేస్తున్నా. నవ్వేవాళ్లనే పిలు, ముక్క పెడతా.”

“మొండోడా! ఈసారన్నా నీళ్లు మాని ఇసుక పోశావా?”

“పోశా. విజిల్ కూడా తీసేశా. సన్నమంట మీదుంది.”

గాలికి ఆ మంట ఆరకుండా అక్క లేచి వెళ్లి, పెరటి తలుపు చప్పుడు కాకుండా మూసింది.