తుపాకి గొట్టంలో వేణ్ణీళ్లు

ఏదీ, ఇలా ఇవ్వు చూద్దాం. ముందు తూటా ఏమీ లేదు కదా లోపల? చూశావా? నువ్వు చూశానంటే సరిపోదులే, నేనూ చూస్తా. ఆఁ, లేదు. ఇంతకీ ఇది నీకెక్కడిదిరా అబ్బాయ్? గొర్రెల కొట్టం చూరులో దొరికిందా? మీ తాత కెరిమాలి పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఇన్నాళ్లూ దొరకనిది నీకు ఈ వారమే దొరికిందా? సరే, దొరికిందే అనుకుందాం. తుప్పెలా వదిలించాలో అడుగుదామని వచ్చావు, అంతేనా? నిన్నెవరూ పంపలేదు కదా? నవ్వకు. మా కాలంలో ఊరికే వచ్చి ఊరికే అడిగేవాడు ఉండేవాడు కాదు. ఆ తలుపు వేసొచ్చి కూర్చో. గొట్టం కిటికీ వైపు పెట్టి లోపలికి చూడు. ఎర్రగా, గరుకుగా కనబడుతోందా? వానకి తడిసి పట్టిన తుప్పు కాదది. ఉప్పు. యుద్ధకాలం నాటి తూటాల అడుగున పెట్టే మందులో ఉప్పుండేది. కాల్చిన ప్రతిసారీ అది గొట్టంలో మిగిలిపోయి, గాల్లో తేమనంతా లాక్కుని ఇనుముని తినేస్తుంది. నూనె రాస్తే పోదు. నూనెలో ఉప్పు కరగదు కదా. ఈ మాట నాకు చెప్పినవాడు అర్జిమత్. నీకు తెలీదులే, మీ నాన్న బడికెళ్లే రోజుల్లోనే పోయాడాయన.

అర్జిమత్‌ది మన ఊరే. మా ఇంటికి నాలుగిళ్ల అవతల. యుద్ధానికెళ్లాడు, జర్మన్లకి ఖైదీగా చిక్కాడు, బతికాడు. ఆ బతకడమే వచ్చిన చిక్కు. అందరూ నలభై అయిదులో తిరిగొస్తే ఈయన నలభై ఏడులో వచ్చాడు. మధ్యలో రెండేళ్లు మన సర్కారువాళ్లే ఎక్కడో ఉత్తరాన బొగ్గు గనిలో పెట్టి, నువ్వు ఎవడివి, ఎలా బతికావు అని అడిగారట. ఊరొచ్చాక మేమూ అదే అడిగాం. నోటితో కాదులే, కళ్లతో. జర్మన్ల శిబిరంలో అంతమంది చస్తే నువ్వొక్కడివే ఎలా మిగిలావు? ఏం ఇచ్చావు వాళ్లకి? పెళ్లిళ్లలో ఆయన పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. అప్పట్లో మన ఊరి సమష్టి వ్యవసాయ క్షేత్రానికి తోడేళ్లని చంపడానికి సైన్యం వదిలేసిన పాత తుపాకులు ఏడు ఇచ్చారు. చెక్కపెట్టెలో, బెల్లప్పాకంలాంటి గ్రీజులో ముంచి పంపారు. వాటిని శుభ్రం చేసే పని ఇంకెవరికీ రాదని అర్జిమత్‌కి అప్పజెప్పారు. సామాన్ల కొట్టు వెనక చిన్న గది. పొయ్యి లేదు, చలి. ఆ గదిలోకెళ్లి తలుపేసుకునేవాడు. తలుపెందుకేసుకోవాలి, చెప్పు? మంచి పని చేసేవాడికి తలుపెందుకు?

నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మా క్షేత్రం ఛైర్మన్ నన్ను పిలిచి, "ఒరేయ్ జానిష్, వాడేం చేస్తున్నాడో కాస్త చూసి చెప్పు" అన్నాడు. చూశాను. పలకల సందులోంచి. ఏం చూశాననుకున్నావు? క్షేత్రం వంటింటి నుంచి మరిగే నీళ్ల కెటిల్ తెచ్చి, గరాటు పెట్టి, గొట్టంలో పోస్తున్నాడు! ఇనుములో నీళ్లు! ఒకటి కాదు, రెండు కెటిళ్లు. ఆ తర్వాత కడ్డీకి పాత బనీను పీలిక చుట్టి తోస్తూ, ఒక్కో తోపుకీ లెక్కపెడుతున్నాడు. మన భాషలో కాదు, రష్యన్లో కాదు. జర్మన్లో. ఐన్స్, త్స్వై, ద్రై అని. ఇప్పుడు తెలుసు, శిబిరంలో రోజుకి నాలుగుసార్లు నిలబెట్టి వాళ్ల భాషలో తలలు లెక్కపెడితే ఆ లెక్కే నాలిక మీద ఉండిపోతుంది. అప్పుడు తెలీదుగా. పరుగెత్తుకెళ్లి ఛైర్మన్‌కి చెప్పేశాను. "నీళ్లు పోసి తుపాకులు పాడు చేస్తున్నాడు, జర్మన్లో మాట్లాడుకుంటున్నాడు" అని. ఆ సాయంత్రమే గది తాళం ఛైర్మన్ ఆయన దగ్గర్నుంచి లాక్కుని నా చేతిలో పెట్టాడు. తుపాకుల కాయితం మీద మాత్రం అర్జిమత్ పేరే ఉండిపోయింది. అది గుర్తుపెట్టుకో. వెళ్తూ వెళ్తూ అర్జిమత్ ఒక్క మాటే అన్నాడు. "వెచ్చటి గదిలో పెట్టకు తమ్ముడూ. బయటి చలిలోంచి తెచ్చి పొయ్యి దగ్గర పెడితే ఇనుముకి చెమట పడుతుంది" అని. ఇనుముకి చెమటేమిటి? నా చేత తప్పు చేయించాలని చెబుతున్నాడనుకున్నా. అందుకని సరిగ్గా వెచ్చటి గదిలోనే పెట్టా. మా ఇంట్లో, పొయ్యి పక్కన. నీళ్లు ఒక్క చుక్క తగలనివ్వలేదు. గొర్రె తోక కొవ్వు కరిగించి, గొట్టానికీ బోల్టుకీ దట్టంగా, ప్రేమగా పట్టించాను. మా ఆవిడ నవ్వింది కూడా, "నాకు ఒక్కసారైనా ఇంత కొవ్వు పెట్టావా" అని.

మరుసటి శీతాకాలం. దేశాన్నేలిన పెద్దాయన పోయిన ఏడాది అది, ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియని రోజులు. పట్టపగలు పిచ్చితోడేలు ఒకటి గొర్రెల దొడ్డిలో పడింది. మామూలు తోడేలైతే మనిషిని చూసి పారిపోతుంది, ఇది మనిషి మీదికే వస్తోంది. మీ తాత తోడేళ్లని వేటాడే జట్టుకి నాయకుడు కదా, తుపాకి తీసుకుని ఎదురెళ్లాడు. నేను గుర్రం మీద వెనకాలే ఉన్నా. పది అడుగుల దూరంలో ఆగి, గురిపెట్టి, నొక్కాడు. టిక్. అంతే. మళ్లీ లాగి నొక్కాడు. టిక్. బోల్టులో సూది ఉంటుంది చూడు, అది స్ప్రింగుతో దూసుకెళ్లి తూటా అడుగున కొట్టాలి. నేను పట్టించిన కొవ్వు ఆ చలికి మైనంలా గడ్డకట్టి సూదిని పట్టేసింది. కొట్టీ కొట్టనట్టు తగిలింది. మూడోసారికి టైము లేదు. మీ తాత ఎడమచేయి దాని నోట్లో పెట్టి, కుడిచేత్తో కత్తి దూశాడు. అలా పోయాయి ఆ రెండు వేళ్లు. నలభై రోజులు ఆస్పత్రిలో కడుపులో సూదులు. మీకు గొడ్డలి తగిలిందని చెప్పేవాడా? కాదురా. నా కొవ్వు. లేవకు. కూర్చో. తిట్టాలనుంటే తిట్టు, కానీ కూర్చుని తిట్టు. ముప్పై ఏళ్లకి పైగా మీ తాత ఎదుట పడినప్పుడల్లా ఆ చెయ్యే చూసేవాణ్ణి నేను. ఆయనకి తెలుసో తెలీదో ఇప్పటికీ నాకు తెలీదు. తెలిసే ఊరుకున్నాడేమోనని కూడా అనుమానమే.

జిల్లా నుంచి ఆఫీసరొచ్చాడు. ఛైర్మన్ గదిలో బల్ల మీద ఆ తుపాకి పెట్టి అందరినీ పిలిచాడు. కాయితం తీస్తే అర్జిమత్ పేరుంది. "కావాలనే చేశావా?" అన్నాడు. ఛైర్మన్ కిటికీలోంచి మంచు చూస్తున్నాడు, తాళం నాకిచ్చిన సంగతే మర్చిపోయినట్టు. అర్జిమత్ బోల్టు విప్పి, గోటితో ఇంత గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గొర్రె కొవ్వు వాసన ఈ లోయలో ఎవడికి తెలీదు? ఆయన ఎప్పుడూ కుట్టుమిషను నూనె తప్ప వాడేవాడు కాదు. తలెత్తి నావంక చూశాడు. "ఇది నా నూనె కాదు" అంటే చాలు, నేను అయిపోయేవాణ్ణి. మా ఆవిడ అప్పటికి కడుపుతో ఉంది. ఆయన బోల్టు బల్ల మీద పెట్టి, "చలికి గడ్డకట్టింది. నేను పల్చటిది వాడాల్సింది. తప్పు నాదే" అన్నాడు. నేను నోరు తెరిచానా? తెరవలేదు. ఇదుగో ఇలాగే కూర్చున్నా, చేతులు ఒళ్లో పెట్టుకుని. పదకొండు నెలలు వేశారు. పెద్దాయన బతికున్న ముందు ఏడాదైతే పదేళ్లు వేసేవాళ్లు.

తిరిగొచ్చిన రోజున ఇంటికి కూడా పోకుండా తిన్నగా నా దగ్గరికొచ్చాడు. వచ్చేశాడ్రా, ఇప్పుడు అడుగుతాడు అనుకున్నా. ఏదో ఒకటి అడగాలి కదా? ఊరికే ఎవడు జైలుకెళ్తాడు? "తుపాకులెలా ఉన్నాయి?" అన్నాడు. అంతే. ఏడూ ఎర్రబడి ఉన్నాయి. ఆ రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. తుప్పున్న చోట కిరసనాయిలు పోసి ఒక పగలంతా నాననివ్వాలి. గరుకు కాయితం పెట్టి రుద్దకూడదు, మంచి ఇనుము కూడా పోతుంది. రాగి బిళ్లతో మెల్లగా గీకాలి. కాల్చిన రోజున మరిగే నీళ్లు పోయాలి, ఉప్పు కరిగిపోతుంది, ఆ వేడికి గొట్టం తనంతట తానే ఆరిపోతుంది. ఆ తర్వాతే నూనె, అదీ వేలిముద్రంత పల్చగా. తుపాకి చెక్క విప్పి దాని కింద కూడా చూడాలి, అక్కడే దొంగ తుప్పు దాక్కునేది. నేను అన్నీ వింటున్నా, మనసులో మాత్రం ఒకటే, వీడు నా దగ్గర ఏం గుంజబోతున్నాడు? టీ ఇస్తే తాగేవాణ్ణి కాదు. మా పెద్దాడికి కుచ్చుటోపీ తెస్తే నెలరోజులు పెట్టెలోంచి తియ్యలేదు. పదిహేనేళ్లు ఎదురుచూశాన్రా, ఆయన అడగబోయేదాని కోసం. అడగలేదు.

అరవై తొమ్మిదిలో ఊపిరితిత్తులు పోయి మంచాన పడ్డాడు. ఇంక ఆగలేక నేనే అడిగేశా. "అన్నా, ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదు?" అని. చాలాసేపు దగ్గాడు. "ఒకసారి ఒక పేరు చెప్పాను జానిష్" అన్నాడు. శిబిరంలో ఎవడో పారిపోవడానికి కంచె కోశాడట. అందరినీ మంచులో నిలబెట్టి, ఎవడో చెప్పేదాకా కదలనివ్వమన్నారట. రెండో రోజున ఈయన చెప్పాడు. "వాణ్ణి నా కళ్లముందే తీసుకుపోయారు. ఆ తర్వాత ఇంకెవరి పేరూ నా నోట రాలేదు, రాదు" అన్నాడు. చూశావా? మేం అనుమానపడ్డది తప్పు కాదు. ఆయన నిజంగానే చేశాడు. మరి నన్ను కాపాడినవాడూ ఆయనే. ఇప్పుడు నేను ఆయన్ని ఏమనుకోవాలి? నలభై ఏళ్లై ఇదే నములుతున్నా. తను పట్టించిన ఆ మనిషి పేరు కూడా నాకు చెప్పాడు. మన లోయవాడే. ఏటి అవతలి ఊరు, గుర్రాలు మచ్చిక చేసేవాళ్ల ఇల్లు. యుద్ధంలో కనబడకుండా పోయాడని కాయితం వచ్చింది వాళ్లకి, అంతే. వాళ్లమ్మ చచ్చేదాకా ఎదురుచూసింది. నువ్వు కట్టుకున్నది ఏటి అవతలి ఊరి పిల్లనే కదూ? పెళ్లికి నేను రాలేకపోయాను, ఏ ఇంటి పిల్లో అడగనే లేదు. ఏ ఇల్లన్నావు? గుర్రాలు మచ్చిక చేసేవాళ్లదా? ఏదీ, మళ్లీ చెప్పు. వాళ్ల ముత్తాత... ఫోటో గోడ మీద ఉంటుందా ఇంకా.

ఏం లేదు. ఊరికే అడిగా. బయట కుక్క ఎందుకలా మొరుగుతోంది? లేచి చూడు, ఎవరొచ్చారో.