బావ తప్పిన పరీక్ష

"ఇంకొక్కసారి చెప్పమ్మా."

"ఎన్నిసార్లే? తప్పినాడు. మీ బావ జయరామయ్య డాక్టరు పరీక్ష తప్పినాడు. చాలా?"

చిట్టమూరులో తమ ఇంటి పెరట్లో వెంకటశేషమ్మ బియ్యం చెరుగుతోంది. దొరవారిసత్రంలోని ఆమె అన్న హజరత్తయ్య ఇంటి నుంచి కబురు మోసుకొచ్చిన పోలేరయ్య, మజ్జిగ తాగి అప్పుడే గడప దిగాడు. కోట హైస్కూల్లో చివరి తరగతి చదువుతున్న కూతురు చెంచులక్ష్మికి ఆ కబురు ఎంతసేపు విన్నా తనివి తీరడం లేదు.

"మద్రాసు పోయి రాసొచ్చినాడే, ఆ పరీక్షేనా?"

"అదే. మెడికల్ కాలేజీలో చేరాలంటే రాయాలంట కదా, అది. వాడి పేరు లేదంట. గదిలోనుంచి బయటికి రావడం లేదంట."

"అన్నం తింటున్నాడా?"

"తింటున్నాడంట."

"అయితే ఇంకా సరిగా ఏడవలేదు."

"పాపం అనవే. ఎంతైనా నా అన్న కొడుకు."

"నువ్వు అంటున్నావా పాపం? నవ్వుకుంటా చెరుగుతుండావు, బియ్యమంతా నేలపాలు."

"నేనేం నవ్వలేదు."

"పోయినేడు సంబంధం మాట్లాడను పోతే పెంచలత్త ఏమనింది? డాక్టరు కాబోయేవాడి పక్కన గట్లమీద తిరిగే పిల్లా అనింది. అందరి ముందర."

"మాటదేముంది, గాలికి పోతాది. నేను పుట్టిన ఇంట్లో నాకు వసారాలో ఆకేసింది. కూలోళ్ళ పక్కన తినేదానికి నాకు నామోషీ లేదు. లోపల వేసిన పీటని, నన్ను చూసి ఎత్తేసింది చూడు, అదీ."

"ఆ రోజే అనుకున్నా, నేనూ అదే పరీక్ష రాయాలని. స్కూలు దాటకముందే డాక్టరు పరీక్షా అని క్లాసంతా నవ్వినారు. కరుణాకుమారి టీచరు ఒక్కతే నవ్వలేదు. ఇప్పుడు మొదలుపెడితేనే అప్పటికి అందుకుంటావు అనింది."

"అనింది, నీ చేత కప్పని కోయించింది. అది విని మీ నాయన అన్నం మానేసినాడు."

"ఒక్కపూటే కదా." 

"ఆ పూట నేను చేపల పులుసు పెట్టుంటినే."

"బావ పాసై ఉంటే బాగుండేదమ్మా."

"ఇదేం మాటే? ఇందాకటి నుంచి గంతులేసి..."

"పాసైతే నేనూ పోయి ఆ కాలేజీలోనే చేరి, రోజూ ఎదురుపడేదాన్ని. ఇప్పుడు ఎవరికి చూపించేది? మళ్ళీ రాస్తాడా?"

"రాయడంట. ఇంక సేద్యం చూసుకోమన్నాడంట మీ మామ."

"పోలేరయ్య ఇంకేం చెప్పినాడు? నేను రాంగానే గొంతు తగ్గించినాడు."

"ఏముంది, వానల సంగతి."

"అమ్మా."

"ఆ చేట ఇట్టా ఇయ్యి."

"చేట నీ చేతిలోనే ఉండాది. ఏం చెప్పినాడు?"

"రేపు మీ మామ, అత్త వస్తా ఉండారు. తాంబూలాలు పుచ్చుకునేదానికి."

"ఎవరివి?"

"నీవే. మా అన్నకి ఇంకెవరుండారే మేనకోడలు?"

"వద్దని చెప్పి పంపినావు కదా?"

"ఈ బియ్యంలో రాళ్ళు చూడు..."

"ఏమని పంపినావమ్మా?"

"రమ్మన్నా."

"నాయనకి తెలుసా?"

"అడిగినా. నీ పుట్టింటోళ్ళ సంగతి నీ ఇష్టం అన్నాడు."

"కొడుకు తప్పిన పరీక్ష కోడల్ని రాయనిస్తాదా అత్త?"

"ఎందుకు రాయనిస్తాది?"

"తెలిసీ రమ్మన్నావా? పీట ఎత్తేసిందని అంత ఏడ్చిందానివి, వాళ్ళు రామ్మా అంటే కరిగిపోయినావా?"

"అరవబాక. పోలేరయ్య ఇంకా వీధి దాటలేదు."

"దాటనీ. నాకు పెళ్ళొద్దు. నన్ను చదువుకోనియ్యి."

"దేంతో చదువుతావు? మీ టీచరమ్మ ఇచ్చిన ఆ ఒక్క పుస్తకంతోనా?"

"మిగతావి నెల్లూరులో కూడా దొరకవంట. దానికీ తాంబూలానికీ ఏం సంబంధం?"

"మీ మామ కొడుకు కోసం మద్రాసు నుంచి పెట్టెడు పుస్తకాలు తెప్పించినాడు. ఇప్పుడు అటక మీద పడేసినారంట."

"అయితే?"

"అయితే, పిల్లకి చీర వద్దు, నగ వద్దు, బావ పుస్తకాలంటే ముచ్చటపడతా ఉండాది, ఆ పెట్టె తెస్తే చాలు అని చెప్పి పంపినా. చీర ఖర్చు తప్పిందని వదిన ఎగిరి గంతేస్తాది."

"పెట్టె తెస్తే నన్ను ఇచ్చేస్తావా?"

"పిచ్చి మొహమా. రేపు బండి ఆగంగానే ఆ పెట్టె మోసుకుపోయి లోపల గడియ పెట్టుకో. గడియ పడిన చప్పుడు విన్నాకే వదిన చేతికి కాఫీ ఇస్తా, మా పిల్లకి పెళ్ళి చేసుకునే తీరిక లేదొదినా అని చెప్తా."