లైల్ ఫోన్‌లో ఇరుక్కున్న నారింజ చెట్టు

"నేనసలు గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు," అని లైల్ మొదలుపెట్టాడంటే, మా వీధిలో తెలిసినవాళ్లు ఇంకో బీరు తెచ్చుకుని కూర్చుంటారు.

ఫీనిక్స్‌లో మే నెల. మంగళవారం సాయంత్రం. లైల్ భార్య డార్లీన్ కుర్చీలన్నీ గ్యారేజీ ముందు సిమెంటు మీదే వేసింది. లైల్ మాత్రం తన కుర్చీని పచ్చిక మధ్యకి లాక్కుని, సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పక్కింటి కన్సువేలో చేతిలో కాగితంతో వచ్చింది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి.

"లైల్, మా గ్యారేజీలో తోటకి నీళ్లు వదిలే ఆ పెట్టె నువ్వు బిగించి ఏడు వారాలైంది. దాన్ని నీ ఫోన్‌కి కలుపుకున్నావు, నీ పేరే పెట్టుకున్నావు. ఇంటి యజమాని పేరు లేదని నీళ్ల కంపెనీవాళ్లు ఆ పెట్టె పెట్టుకున్నందుకిచ్చే రాయితీకి నా దరఖాస్తు తిప్పి పంపారు. రేపటితో గడువు. అది పోతే పోయింది, నా నారింజ చెట్టు ఆకులు రాలుస్తోంది. నీళ్లు వదలమని నాలుగుసార్లు అడిగాను."

"అమ్మా కన్సువేలో, కంగారుపడకు. అది తెలివైన యంత్రం. చెట్టుకి ఎప్పుడు దాహమో దానికి తెలుసు. ముందు కూర్చో, మా ఇంట్లో ఇది ఎలా పెట్టానో చెబుతా. మీ ఆడవాళ్లు వైర్లంటే భయపడతారు గానీ, చిన్న పనే. ఒక్క స్క్రూడ్రైవరు, అంతే. పాత పెట్టె ఊడదీశాను. ఎనిమిది వైర్లు. కళ్లు మూసుకుని కలిపాను."

"కళ్లెందుకు మూసుకున్నావు?" అన్నాడు ఎదురింటి వెండెల్.

"తెరిస్తే మరీ సులువైపోతుందని! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

డార్లీన్ లేచింది. "కన్సువేలో, నీ ఫోనూ గ్యారేజీ తాళమూ ఇటివ్వు," అని మెల్లగా అడిగి తీసుకుని పక్కింటివైపు నడిచింది. లైల్ చూడలేదు. మాట్లాడుతున్నప్పుడు అతనికి భార్య కనపడదు.

"మొదటి నెల బిల్లు సగమైంది. రెండో నెల సున్నా. మూడో నెల సున్నా కంటే కిందికి పోయింది! నీళ్ల కంపెనీ పెద్దాయన పూలగుత్తి పట్టుకుని ఇక్కడే, ఈ పచ్చిక మీదే నిలబడి, 'లైల్ ప్రూయిట్ గారూ, మీరు ఆదా చేసిన నీళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక చస్తున్నాం' అన్నాడు. కాలవలో పోయండన్నాను. పోశారు. ఇప్పుడక్కడ పడవలు తిరుగుతున్నాయి."

"నేను నిన్న ఆ కాలవ దాటే వచ్చాను. కుక్క నడిచి దాటింది."

"అది ఎత్తు కుక్కయ్యుంటుంది, వెండెల్. మధ్యలో రాకు. జనవరిలో కాలిఫోర్నియా వైపునుంచి ఓ నల్లమేఘం వచ్చి సరిగ్గా మా కప్పు మీద ఆగింది. ఫోన్ మోగింది. కురవమంటారా అని మేఘమే అడుగుతోంది! మాకొద్దు, పాపం పక్కనున్న టూసాన్ ఊరివాళ్లు ఎండిపోతున్నారు, అటు పో అన్నాను. బుద్ధిగా వెళ్లింది. అది విని గవర్నరు స్వయంగా ఫోన్ చేశాడు. 'లైల్, కొలరాడో నది నా మాట వినడం లేదు, నీ ఫోన్‌లో పెట్టుకోవయ్యా' అని బతిమాలాడు. వారం తర్వాత చెబుతానన్నాను. నదినే పెట్టుకోగలవాణ్ణి, నీ ఒక్క చెట్టెంత, కన్సువేలో!"

"ఆ ఒక్క చెట్టునే పెట్టుకున్నావు," అంది కన్సువేలో. "ఏడు వారాలు."

డార్లీన్ తిరిగొచ్చి ఫోన్ ఆమె చేతికిచ్చింది. "పెట్టె వెనకున్న బటన్ పది సెకన్లు నొక్కితే పాత పేరు పోతుంది. ఇప్పుడు నీ పేరే ఉంది. ఫొటో తీసి దరఖాస్తు కూడా పంపేశాను. మా ఇంట్లోదీ నేనే పెట్టాను కదా, అలవాటే."

వెండెల్ బీరు గొంతుకి అడ్డం పడింది. లైల్ తన ఫోన్ తెరిచి వేలితో పైకీ కిందికీ తోశాడు. "నీ ఇల్లు కనపడదేం?"

"అది నా ఇల్లు గనక," అంది కన్సువేలో. ఆమె ఫోన్ గుయ్యిమంది. చెట్టు పాదులో నీళ్లు మొదలయ్యాయని మెసేజ్ వచ్చింది. ఆమె ఆ మాట రెండుసార్లు చదువుకుంది. "సరే లైల్, నదులు నడిపేవాడివి, ఒక్కటి చెప్పు. మీ పచ్చికకి నీళ్లు ఏ రోజు, ఎన్నింటికి?"

"అదీ... అది యంత్రమే..."

"మంగళవారం," అంది డార్లీన్. "ఏడింటికి."

అప్పుడే ఏడైంది. పచ్చికలోంచి ఆరు స్ప్రింక్లర్లు తలెత్తి నీళ్లు చిమ్మాయి. వాటిలో ఒకటి సరిగ్గా సింహాసనం కిందే ఉంది.

కన్సువేలో తన చెట్టు చూసుకోడానికి వెళ్తూ గేటు దగ్గర ఆగింది.

"లైల్, మేఘం మళ్లీ వచ్చినట్టుంది. టూసాన్ పొమ్మను."