ఏడు నిమిషాల పది సెకన్లు

పొద్దున్నే మైదానం గట్టు మీద, పరుగు నేర్పే అమ్మాయి, తన దగ్గర నేర్చుకుంటున్న ఒకామె చేతి వాచీ విప్పి తీసుకుని, అందులో అంకెలు చూసి తల పట్టుకుంది.

“ఏంటక్కా ఇది? మెల్లగా పరిగెత్తమన్న రోజూ కిలోమీటరుకి ఏడు నిమిషాల పది సెకన్లే, గట్టిగా పరిగెత్తమన్న రోజూ అంతే! ఇలాగైతే పోటీలో గెలిచినట్టే!”

“అది మీ బావగారి వేగం, అమ్మాయ్. ఆయన పోయి ఏడాదైనా, అలా వెళ్తే పక్కనే ఉన్నట్టుంటుంది.”

“పెంచితే?”

“వెనకబడిపోతారు.”

“బతికున్నప్పుడు ఏమనేవారు?”

ఆమె బూటు లేసు విప్పి, మళ్ళీ బిగించుకుంది.

“‘నువ్వు పో, వెనకాలే వస్తా’ అనేవారు, రోజూ. నేనే వెళ్ళేదాన్ని కాదు.”

అమ్మాయి వాచీని మెల్లగా ఆమె చేతికి కట్టింది.

“ఇప్పుడు ముందుకెళ్తే, వెనకాలే వస్తున్నారనుకోవచ్చంటావా, అమ్మాయ్?”