నాన్న నడక

కృష్ణపట్నం దగ్గర ఒక కరెంటు ఫ్యాక్టరీ. బొగ్గు మోసే బెల్టు పక్కన ఇనుప దారిలో నడుస్తున్న మనిషి జేబులో ఫోను ఆగకుండా మోగింది. అవతల నెల్లూరు ఆసుపత్రి వరండాలో సుప్రియ.

"అబ్బ, ఇప్పటికి ఎత్తినారా! ఎన్నిసార్లు చేసేది? నడస్తా ఉండారు గదా, ఆ ఆయాసంలోనే తెలస్తా ఉంది. ఆగబాకండి, నడస్తానే వినండి."

"హలో... హలో... అమ్మా..."

"ఆ బెల్టు చప్పుడుకు మీ మాట వినపడ్డం లేదు. నేను చెప్పేది వినండి, చాలు. పాపకు చెకప్పు అయిపోయింది. సూది మందు ఇంకొంచెం పెంచినారు. అది ఇంట్లో మాట్లాడుకుందాం. ఇంకో సంగతుంది. నేనూ పరీక్ష చేయించుకున్నా. రెండో నెలంటండీ!"

"అమ్మా, నేను..."

"సంతోషంగా ఉంది, భయంగానూ ఉంది. రొట్టెల పండక్కి చెరువు కాడ అందరూ సంతానం రొట్టె తీసుకోమంటే నేను ఆరోగ్యం రొట్టె తీసుకున్నా, గుర్తుందా? పుట్టబోయే బిడ్డ కోసమే. మీరు అంతగా నడిచినారు కాబట్టే నాకు ధైర్యమొచ్చింది, లేకపోతే..."

"నేను సార్ని కాదమ్మా!"

"ఏందీ?"

"యెహోషువని. బెల్టు కాడ కాంట్రాక్టు పని నాది. సార్ ఫోను నా జేబులో ఉంది."

"యెహోషువన్నా! ఆయనకేమైంది? పడిపోయినాడా?"

"అయ్యో, సార్ బాగుండారు. కంట్రోల్ రూములో కూర్చోనుండారు."

"మరి ఫోను నీ కాడెందుకుంది?"

"అదీ... మర్చిపోయినారు."

"మర్చిపోయిన ఫోను నీ జేబులోకి ఎట్టొచ్చింది?"

"చార్జింగు... నా నోటితో చెప్పించబాకమ్మా. సార్నే అడగండి."

"పాపా, నువ్వు పోయి ఆ కుర్చీలో కూర్చో. ఇప్పుడే వస్తా... అన్నా, నీకు పిల్లలుండారా?"

"ఇద్దరమ్మా."

"అయితే వాళ్లను తలుచుకొని చెప్పు."

"దాంట్లో ఏముందిలేమ్మా, తప్పు పనేం కాదు. ఆఫీసులో నడక పోటీ పెట్టినారంట, ఫోన్లో పడే అడుగుల లెక్క చూసి గెలిస్తే మిక్సీ ఇస్తారంట. నేనెట్టాగూ డ్యూటీ అంతా బెల్టు ఎంబడి నడిచేవాణ్ణే గదా. 'నీ కాళ్లతోపాటు నా ఫోన్ని కూడా నడిపించరా' అని నవ్వతా ఇచ్చినారు. డ్యూటీ దిగేటప్పుడు తీసుకుంటారు. టీ, వడ ఇప్పిస్తారు."

"ఎప్పట్నుంచి?"

"ఉగాది పోయినాక... కాదు, ఉగాది నుంచే."

"ఉగాదికే గదా మొదలుపెట్టింది! అసలు నడవనే లేదా?"

"రెండు పూట్లు వచ్చినారమ్మా. మెట్లెక్కేసరికి చొక్కా తడిసిపోయింది. నా వల్ల కాదురా అన్నారు."

"అంటే ఫోన్లో రోజూ పడిన అడుగులన్నీ నీయేనా!"

"అమ్మా? పోటీలో తీసేస్తారా ఏంది?"

"పోటీ లేదు, మిక్సీ లేదు. నేనే అడిగినానన్నా, నడవమని. మా మామకు ముసలితనంలో వచ్చింది షుగరు, కాలు తీసేసినారు. మా ఆయనకు ముప్ఫై ఏళ్లకే వచ్చింది. మా పాపకు పదకొండేళ్లు, పొద్దునా మాపూ సూదులు. ఇంకో బిడ్డ కావాలని ఆయన ఒకటే పోరు. నేను ససేమిరా అన్నా."

"దేవుడిచ్చేదానికి మనమేం చేస్తామమ్మా."

"నేనూ అట్టే అనుకున్నా. డాక్టరమ్మ వేరే చెప్పింది. మగోడి విత్తు తయారయ్యేదానికి రెండు మూడు నెల్లు పడతదంట. అప్పుడు తండ్రి ఒళ్లు ఎట్టుంటే దాని మీద అట్టాంటి గుర్తులు పడతాయంట. బిడ్డ పుట్టినాక గూడా ఆ గుర్తులు పనిచేస్తాయంట. నడిచి ఒళ్లు తగ్గించుకుంటే కొన్ని మారతాయంట. ఖాయమని చెప్పలేను, ముప్పు తగ్గొచ్చు అనింది. ఆ తగ్గొచ్చు అనే మాట పట్టుకొనే ఒప్పుకున్నా. నేనూ మిద్దె మీద నడిచి నడిచి తగ్గినా. ఈయనకు పొట్ట తగ్గలేదేందంటే, కండ పడతా ఉందన్నాడు. నమ్మినా."

"నాకు తెలవదమ్మా. తెలిస్తే ఫోను ముట్టుకునేవాణ్ణి కాదు. ఇప్పుడన్నా సార్ నడిస్తే?"

"ఆయన మేలుకు నడవాల్సిందే. లోపలుండే బిడ్డకేం లాభం? నారు పోసేసినాక విత్తనం మార్చేదెట్టా? కంచే చేను మేస్తే ఇంకెవురికి చెప్పుకునేదన్నా!"

"ఏడవబాకమ్మా. ఒట్టి మనిషివి కూడా కాదు."

"ఒక సాయం చెయ్యి. ఫోను తీసుకుపోయి ఆయనకియ్యి. నేను మాట్లాడిన సంగతి చెప్పబాక. ఇప్పుడే మోగతా ఉందని చెప్పు. నిజం ఆయన నోటి నుంచే వస్తదేమో చూస్తా."

"రాకపోతే?"

"వస్తే ఇద్దరం కలిసి భయపడతాం. రాకపోతే నేనొక్కదాన్నే భయపడాల. పో అన్నా, ఇయ్యి."

కొంచెంసేపటికి కంట్రోల్ రూములో ఫోను మళ్లీ మోగింది.

"హలో... హా... సుప్రియా... చెప్పు."

"యాడ ఉండారు?"

"యాడుంటా, బెల్టు కాడ. హా... నడస్తా ఉండా."

"బెల్టు చప్పుడే లేదే?"

"ఈ కొసకొచ్చేసినాలే. ఈడ నిమ్మళంగా ఉంటది."

"ఏదో ఏసీ మోత మాదిరి వినపడతా ఉంది."

"గాలి... హా... సముద్రం గాలి."

"ఏవండీ, ఒక మాట అడగతా. నిజం చెప్తే ఏమీ అనను, పెంచలస్వామి తోడు. ఇన్నాళ్లూ మీరే నడిచినారు గదా?"

"నేను గాక ఎవురు నడస్తారే నా బదులు? ఫోన్లో చూడలా నువ్వు? రోజూ పాపే గదా అంకె చదివి చప్పట్లు కొట్టేది!"

"అవును. పాపే."

"సరే గానీ, డాక్టరమ్మ ఏమనింది?"

"పాపే చెప్తది. పాపా, రా. నాన్న."

"సుప్రియా, హలో..."

"నాన్నా! అమ్మకు బేబీ వస్తా ఉందంట!"

"హా... ఏందీ? నిజమా తల్లీ?"

"నిజం! నాకు మందు పెంచినారు, అయినా నేను ఏడవలా. నాన్నా, ఇంకా నడస్తా ఉండారా? ఆయాసం వస్తా ఉంది మీకు."

"హా... అవును బంగారూ... నడస్తానే ఉండా."

"అయితే తమ్ముడికి నా మాదిరి సూదులుండవు గదా నాన్నా?"

"..."

"చెప్పండి నాన్నా. మీరు నడిచినారు గదా, ఉండవు గదా?... అమ్మా, నాన్నకు ఆయాసం ఆగిపోయింది."